ఇంట్లో ఒకరికి పచ్చకామెర్లు వస్తే: ఒడిశాలో పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు మన తెలుగువాళ్ల కోసం

ఎవరికైనా కళ్లు పచ్చబడ్డాయని తెలిసిన గంటలో ఇంటికి మూడు సలహాలు నడిచొస్తాయి. ఫలానా ఊళ్లో పసరు మింగిస్తారు తీసుకెళ్లండి, ఉప్పు నూనె పప్పు అన్నీ మానిపించండి, మంచం దిగనివ్వకండి. మొదటిది ప్రమాదం, రెండోది నష్టం, మూడోదానితో పెద్దగా ఒరిగేదేమీ లేదు. మరి ఇంట్లో ఉండి ఏం చెయ్యాలి, దేన్ని కనిపెట్టుకుని ఉండాలి, ఎప్పుడు ఆలోచించకుండా బరంపురమో శ్రీకాకుళమో పరిగెత్తాలి అన్నది చెప్తాను. ఇది డాక్టరుకి బదులు కాదు, డాక్టరు దగ్గర నుంచి ఇంటికొచ్చాక మిగిలే ఇరవై మూడు గంటల కోసం.

ముందు ఒంట్లో ఏం జరుగుతోందో తెలిస్తే మిగతావన్నీ వాటంతట అవే అర్థమవుతాయి. ఎర్ర రక్తకణం 120 రోజులు బతుకుతుంది. అది విరిగినప్పుడు బిలిరుబిన్ అనే పచ్చటి పదార్థం తయారవుతుంది, పెద్దవాళ్లలో రోజుకి 250 నుంచి 300 మిల్లీగ్రాములు. కాలేయం దాన్ని నీళ్లలో కరిగేలా మార్చి పైత్యరసంతో పేగులోకి వదులుతుంది, మలానికి ఆ రంగు వచ్చేది అక్కడి నుంచే. వైరస్ వల్ల కాలేయం వాచినప్పుడు ఈ సరుకు పేగులోకి పోకుండా రక్తంలోకి వెనక్కి తన్నుతుంది, అక్కడి నుంచి మూత్రంలోకి దిగుతుంది. అందుకే కళ్ల కంటే ముందు మూత్రం ఆవనూనె రంగులోకి మారుతుంది, కొందరికి మలం సున్నం కలిపినట్టు తెల్లగా వస్తుంది. రక్తంలో బిలిరుబిన్ మామూలుగా 1 లేదా 1.2 లోపు ఉంటుంది, 2.5 – 3 దాటితేగానీ కంటికి కనపడదు. అంటే కళ్లు పచ్చబడేసరికి జబ్బు మొదలై చాలా రోజులైపోయినట్టే. అంతకుముందు వారం రోజులు అన్నం సయించక, వికారంగా, కాస్త జ్వరంగా ఉంటే గ్యాస్ అనుకుని బిళ్ళలు మింగి ఉంటారు. (పచ్చకామెర్ల వాడికి లోకమంతా పచ్చగా కనపడుతుందన్నది సామెతే, రోగి కంటికి అన్నీ మామూలుగానే కనపడతాయి.)

కామెర్లన్నీ వైరస్ వల్లే రావు, మన జిల్లాల్లో ఈ మాట మరీ గుర్తుపెట్టుకోవాలి. వైరల్ హెపటైటిస్‌లో, అంటే వైరస్ వల్ల కాలేయం వాచే జబ్బులో, సాధారణంగా కళ్లు పచ్చబడే సమయానికి జ్వరం తగ్గిపోతుంది. పచ్చదనమూ ఉండి, చలితో జ్వరమూ కొడుతూ ఉంటే మలేరియా పరీక్ష ఆ రోజే చేయించండి. రాయగడ, కొరాపుట్, మల్కన్‌గిరి అడవి పక్క ఊళ్లలో తిరిగొచ్చిన మనిషైతే ఇక ఆ పరీక్ష అస్సలు మానొద్దు. పొలం నీళ్లలో పనిచేసేవాళ్లకి ఎలుకల మూత్రం ద్వారా వచ్చే లెప్టోస్పైరోసిస్‌లోనూ ఇలాగే ఉంటుంది. కుటుంబంలో సికిల్ సెల్ ఉంటే రక్తకణాలే ఎక్కువగా విరిగి కళ్లు పచ్చబడొచ్చు. పిత్తాశయంలో రాళ్లుంటే కుడి డొక్కలో పోటుతో వస్తుంది. చూడటానికి పచ్చదనం అన్నిటికీ ఒకటే, మందు మాత్రం ఒకటి కాదు.

అందుకని మొదటి రోజు పని రక్తపరీక్ష. ఒడిశాలో సర్కారు ఆసుపత్రుల్లో నిదాన్ పథకం కింద పరీక్షలు ఉచితం, ముందు అక్కడ అడగండి. బిలిరుబిన్, ఎస్‌జీపీటీ, ఎస్‌జీఓటీ చాలామంది రాస్తారు (చివరి రెండూ కాలేయ కణాలు విరిగినప్పుడు రక్తంలోకి వచ్చే ఎంజైములు). వీటితోపాటు రెండు సంగతులు మీరు నోరు తెరిచి అడగండి. ఒకటి, హెపటైటిస్ ఎ, బి, సి, ఇ వైరస్‌లలో ఏదో తేల్చే పరీక్షలు: ఎ, ఇ లకి ఐజీఎం యాంటీబాడీ, బి కి హెచ్‌బీఎస్ఏజీ, సి కి యాంటీ హెచ్‌సీవీ. రెండోది పీటీ ఐఎన్‌ఆర్, రక్తం ఎంత త్వరగా గడ్డకడుతుందో చూసే పరీక్ష.

ఈ ఐఎన్‌ఆర్ గురించి కొంచెం ఎక్కువే చెప్తాను, ఎందుకంటే ఇంట్లోవాళ్లందరూ బిలిరుబిన్ అంకె పట్టుకుని టెన్షన్ పడతారు, అసలు చూడాల్సింది ఇది. రక్తం గడ్డకట్టించే ప్రొటీన్లను కాలేయమే తయారుచేస్తుంది. వాటిలో ఫ్యాక్టర్ 7 అనేది కొన్ని గంటల్లోనే సగానికి సగం ఖర్చైపోతుంది, కాలేయం కొత్తది తయారుచేస్తూ ఉండాలి. ఆ తయారీ మందగిస్తే ఒకటి రెండు రోజుల్లోనే ఐఎన్‌ఆర్ పెరిగిపోతుంది. మామూలుగా 1 దగ్గర ఉంటుంది. 1.5 దాటితే మనిషి లేచి తిరుగుతున్నా సరే ఇంట్లో పెట్టుకునే కేసు కాదది. ఎస్‌జీపీటీ వేలల్లో వచ్చిందని గుండెలు బాదుకోనక్కర్లేదు, వైరల్ హెపటైటిస్‌లో అలా రావడం మామూలే, అంకె ఎంత పెద్దదైతే జబ్బు అంత పెద్దదని లెక్కా కాదు. తిరకాసు ఇంకోచోట ఉంది. ఎస్‌జీపీటీ గబగబా పడిపోతూ బిలిరుబిన్, ఐఎన్‌ఆర్ పెరుగుతూ ఉంటే మంచి కబురు కాదు, విరగడానికి ఇక కణాలే మిగల్లేదేమో అని డాక్టర్లు భయపడేది అప్పుడే. రిపోర్టులో ఒక్క గీత చూసి "తగ్గిందిలే" అనుకోకండి.

తిండి దగ్గరికొద్దాం, మనవాళ్లు రోగికి ఎక్కువ అన్యాయం చేసేది ఇక్కడే. కామెర్లు అనగానే పప్పు వద్దు, నూనె వద్దు, గుడ్డు వద్దు, పసుపు కూడా వద్దు, పదిహేను రోజులు చప్పిడి మెతుకులూ మజ్జిగా. కొరియా యుద్ధకాలంలో కామెర్లు వచ్చిన అమెరికా సైనికుల మీద థామస్ చాల్మర్స్ అనే డాక్టరు, ఆయన తోటివాళ్లు గుంపులుగా విడగొట్టి పరీక్షించి 1955లో ఫలితాలు ప్రచురించారు. ప్రొటీను, కేలరీలు ఎక్కువున్న తిండి పట్టుబట్టి తినిపించినవాళ్లు త్వరగా కోలుకున్నారు. మంచానికి కట్టేసినట్టు పడుకోబెట్టినవాళ్లకి, భోజనం తర్వాత కాసేపు నడుం వాల్చి మిగతా సమయం ఇష్టమున్నట్టు తిరిగినవాళ్లకి కోలుకోవడంలో తేడా రాలేదు. వాళ్లు ఆరోగ్యంగా ఉన్న కుర్రాళ్లు, మన ఇంట్లో మామ్మ కాదు, అది నిజమే. అయినా డెబ్భై ఏళ్ల కిందటే ఈ సంగతి తేలినా మన వంటింటి దాకా రాలేదు.

కాబట్టి అన్నం, పప్పు, గుడ్డు, చేప, పెరుగు, ఏది సయిస్తే అది పెట్టండి. నూనెలో తేలే వేపుళ్లు వికారం పెంచుతాయి కాబట్టి వాటిని తగ్గించండి, పూర్తిగా నూనె మాన్పించక్కర్లేదు. కూరలో చిటికెడు పసుపు వల్ల కళ్లు ఇంకా పచ్చబడవు. ఈ జబ్బులో వికారం పొద్దు గడిచేకొద్దీ పెరుగుతుంది, అందుకని పొద్దున్న పూటే గట్టి తిండి పెట్టేయండి, సాయంత్రానికి జావ, ఇడ్లీ లాంటివి చాలు. మూడు పూటల తిండిని ఆరు పూటలకి పంచండి. మండియా (రాగి) జావ బెల్లంతో, ఉప్పు వేసిన గంజి, అరటిపండు, మెత్తటి పెసరపప్పు కిచిడీ, ఇవి మన వైపు ఇళ్లలో దొరికేవే. రాత్రి పడుకునే ముందు ఏదో ఒకటి కొంచెం తినిపించండి. దెబ్బతిన్న కాలేయం చక్కెరను నిల్వ చేసుకోలేదు, రాత్రంతా ఖాళీ కడుపుతో ఉంటే తెల్లవారుజామున షుగర్ పడిపోయి చెమటలు పట్టొచ్చు.

చెరకు రసం, గ్లూకోజ్ పొడి గురించి: రెండూ చక్కెరే, కామెర్లకి మందు కాదు. తాగాలనిపిస్తే తాగొచ్చు, కానీ రోడ్డు పక్క రసంలో వేసే ఐస్ ఏ నీళ్లదో ఎవరికి తెలుసు? చద్దన్నం, పఖాళ విషయంలోనూ అదే. పఖాళ మంచి తిండే, రాత్రి అన్నంలో పోసే నీళ్లు కాచినవైతేనే. నీరసంగా ఉన్నాడని ఆర్‌ఎంపీ దగ్గర సెలైన్ ఎక్కించుకొచ్చే అలవాటు ఒకటుంది. నోటితో తిని తాగగలిగేవాడికి దానివల్ల ఒరిగేది లేదు, సూది శుభ్రం కాకపోతే బి, సి వైరస్‌లు కొత్తగా ఎక్కుతాయి. 2009లో గుజరాత్‌లోని మొడాసాలో వాడిన సిరంజిలే మళ్లీ వాడటం వల్ల హెపటైటిస్ బి ఊరంతా పాకి చాలామంది చనిపోయారు.

ఇక పసరు మందు. దీని మీద కోపం లేకుండా రాయడం కష్టం. ఎ, ఇ రకాల కామెర్లు చాలామందికి మందేమీ లేకుండానే కొన్ని వారాల్లో తగ్గిపోతాయి, ఆ తగ్గే సమయంలో ఏది మింగినా పేరు దానికే వస్తుంది, ఇక ప్రచారానికేం లోటు. చేతికి ఏదో చెట్టు బెరడు రసం రాసి సున్నం నీళ్లలో కడిగితే నీళ్లు పచ్చగా మారతాయి, అది బెరడులోని పదార్థానికీ సున్నానికీ జరిగే చర్య, మీ చేతికి రాసినా నా చేతికి రాసినా అంతే. మెళ్లో వేసిన కాడల దండ రోజురోజుకీ పొడవు పెరగడం కాడలు ఎండి ముడులు వదులవడం వల్లే. ఇవి రెండూ ఆటలే అనుకుని పోనీ అని వదిలేయొచ్చు. ముక్కులో పసరు చుక్కలు వేయడం, మణికట్టు మీద వాతలు పెట్టడం, ఏముందో చెప్పని ముద్ద పరగడుపున మింగించడం మాత్రం ఒప్పుకోవద్దు. రక్తం గడ్డకట్టని మనిషికి పుండు చెయ్యడం, వాచిన కాలేయం మీద తెలియని సరుకు వెయ్యడం రెండూ ప్రాణం మీదకొస్తాయి.

"నేల ఉసిరి కూడా వద్దంటారా" అని అడుగుతారు. దాని మీద నిజంగానే పరిశోధన జరిగింది. 1988లో మద్రాసు శాస్త్రవేత్త త్యాగరాజన్, హెపటైటిస్ బి వైరస్‌ను కనిపెట్టి నోబెల్ తీసుకున్న బ్లంబర్గ్ కలిసి ప్రచురించిన పత్రంలో, నేల ఉసిరి పొడి తిన్న 37 మందిలో 22 మందికి రక్తంలో బి వైరస్ గుర్తు పోయిందని రాశారు. అందరూ ఆశపడ్డారు. తర్వాత వేరే చోట్ల చేసిన ప్రయత్నాల్లో ఆ ఫలితం మళ్లీ రాలేదు. అదీ కాక అది ఏళ్ల తరబడి బి వైరస్ మోస్తున్నవాళ్ల మీద చేసింది, నిన్న కళ్లు పచ్చబడ్డవాళ్ల మీద కాదు. తిప్పతీగ కషాయం తాగి కాలేయం దెబ్బతిన్న కేసులు 2021లో ముంబయి డాక్టర్లు ప్రచురించారు, ఆయుష్ శాఖ దాన్ని ఒప్పుకోలేదు. ఆ వాదన ఎటు తేలినా సరే, కామెర్లు తగ్గేదాకా కషాయాలు ఆపండి.

ఇంగ్లీషు మందుల్లోనూ ఇదే జాగ్రత్త. ఒళ్లు నొప్పులకి, జ్వరానికి నిమెసులైడ్, డైక్లోఫెనాక్ లాంటివి షాపులో అడిగి తెచ్చుకోకండి. నిమెసులైడ్‌ని 12 ఏళ్ల లోపు పిల్లలకి ఇవ్వకూడదని 2011లోనే నిషేధించారు, కారణం కాలేయమే. పారాసిటమాల్ డాక్టరు ఒప్పుకుంటేనే, పెద్దవాళ్లకైనా రోజుకి 2 గ్రాములు దాటకుండా. జలుబు బిళ్ళల్లో కూడా అదే కలిసి ఉంటుంది కాబట్టి రెండూ కలిపితే లెక్క తప్పుతుంది. టీబీ మందులు, మూర్ఛ మందులు వాడుతున్న మనిషైతే వాటి వల్లే కామెర్లు వచ్చి ఉండొచ్చు, ఆ రోజే ఆ డాక్టరుకి చెప్పండి. సారా, కల్లు, మహులి (ఇప్పసారా), జీలుగు కల్లు చుక్క కూడా వద్దు. పూర్తిగా తగ్గి పరీక్షలు మామూలయ్యాక కూడా కొన్ని నెలలు.

అన్నిటికంటే ముఖ్యం నిద్రమాత్ర ఇవ్వకపోవడం. దానికి కారణం తెలియాలి. పేగుల్లో తయారయ్యే అమోనియాను కాలేయం శుద్ధి చేస్తుంది. అది చేతులెత్తేస్తే అమోనియా మెదడుకి చేరుతుంది. మొట్టమొదటి గుర్తు స్పృహ తప్పడం కాదు, నిద్ర తలకిందులవ్వడం. పగలంతా తూగడం, రాత్రంతా మేలుకుని సణగడం. ఇంట్లోవాళ్లు "పాపం నిద్రపట్టట్లేదు" అని మాత్ర ఇచ్చేస్తారు, ఆ మాత్రతో అసలు గుర్తు కప్పబడిపోతుంది, మనిషి ఇంకా లోతుకి పోతాడు.

అందుకని ఒక నోటుబుక్కు పెట్టుకోండి. రోజూ ఒకే సమయానికి రోగి చేత తేదీ వేయించి సంతకం పెట్టించండి. చదువు రాకపోతే ఒక ఇల్లో నక్షత్రమో గీయించండి. నిన్నటి గీతకీ ఇవాళ్టి గీతకీ తేడా వస్తే మాట తడబడక ముందే మీకు తెలిసిపోతుంది. రెండు చేతులూ ముందుకి చాపించి, మణికట్లు పైకి వంచి, వేళ్లు విడదీసి కాసేపు ఉంచమనండి, చేతులు టపటప కిందకి పడుతూ లేస్తూ ఉంటే అది మెదడుకి తగిలిందని గుర్తు. దాంతోపాటు మూత్రం రంగు, మలం రంగు, ఎన్నిసార్లు తిన్నారు, వాంతులు, మలం అయిందా లేదా రాసుకోండి. మలబద్ధకం ఉంటే ఆ అమోనియా పెరుగుతుంది, కాబట్టి రెండు రోజులు కాకపోతే డాక్టరుకి ఫోన్ చెయ్యండి.

ఇవి కనపడితే మాత్రం పసరు మందూ లేదు, పొద్దున్న చూద్దామూ లేదు: నిద్ర తలకిందులు, పొంతన లేని మాటలు, కారణం లేని కోపం, చిగుళ్ల నుంచి ముక్కు నుంచి రక్తం, నల్లటి మలం, నీళ్లు కూడా నిలవని వాంతులు, పొట్ట ఉబ్బడం, మూత్రం బాగా తగ్గిపోవడం. 108కి ఫోన్ చెయ్యండి, ఒడిశా, ఆంధ్ర రెండు రాష్ట్రాల్లోనూ అదే నంబరు. పర్లాకిమిడి నుంచి బరంపురం ఎంకేసీజీ మెడికల్ కాలేజీకి పోవాలా, పాతపట్నం దాటి శ్రీకాకుళం, విశాఖ కేజీహెచ్ వైపు పోవాలా అన్నది మనవాళ్ల పాత తగువు. కొరాపుట్, జయపురం వైపువాళ్లకి ఎస్‌ఎల్‌ఎన్ మెడికల్ కాలేజీ ఉంది. దగ్గరున్న పెద్దాసుపత్రికి ముందు చేరండి, అక్కడి నుంచి ఎటు పంపాలో వాళ్లు చెప్తారు. ఈ నిర్ణయం కళ్లు పచ్చబడిన మొదటి రోజే, అందరూ నిమ్మళంగా ఉన్నప్పుడే తీసుకోండి, అర్ధరాత్రి బావా బావమరుదులు గుమ్మంలో వాదించుకోడానికి వదిలెయ్యకండి.

గర్భిణికి కామెర్లు అయితే పై లెక్కలేవీ చెల్లవు. హెపటైటిస్ ఇ మామూలు మనుషుల్లో నూటికి ఒకరిద్దర్ని కూడా చంపదు, ఆఖరి మూడు నెలల గర్భిణుల్లో నూటికి 20 నుంచి 25 మంది దాకా పోవచ్చు. బాగానే ఉంది, తింటోంది, తిరుగుతోంది అని ఇంట్లో ఉంచొద్దు, కళ్లు పచ్చబడిన రోజే పెద్దాసుపత్రిలో చేర్చండి.

ఇంట్లో మిగతావాళ్లకి రాకుండా చూసుకోవడం ఇంకో పని. ఎ, ఇ రెండూ మలం నుంచి నీళ్లలోకి, నీళ్ల నుంచి నోట్లోకి వచ్చేవే. 1955–56లో ఢిల్లీలో యమున నీళ్లలో మురుగు కలిసి 29,000 మందికి కళ్లు పచ్చబడ్డాయి. అధికారులు క్లోరిన్ పెంచారు, టైఫాయిడ్ లాంటివి పెరగలేదు, కామెర్లు మాత్రం ఆగలేదు. అది ఇ వైరస్ అని చాలా ఏళ్ల తర్వాత తేలింది. ఆ వైరస్‌ను పట్టుకోడానికి బలయాన్ అనే సోవియట్ శాస్త్రవేత్త అఫ్గానిస్తాన్‌లో జబ్బుపడ్డ సైనికుల మలం నుంచి తీసిన ద్రవాన్ని తానే తాగి జబ్బు తెచ్చుకున్నాడు, 1983లో ప్రచురించాడు. మన ఒడిశాలోనే 2014–15లో సంబల్‌పూర్ ఊరంతా కామెర్లతో అల్లాడింది. దీన్నిబట్టి ఇంట్లో చేసుకోవాల్సింది ఒకటే, క్లోరిన్ బిళ్ళను నమ్ముకుని ఊరుకోకుండా నీళ్లు తెర్లేలా కాచండి, తెర్లడం మొదలయ్యాక ఇంకో నిమిషం ఉంచండి. ఇరవై లీటర్ల క్యాన్ నీళ్లైనా సరే, ఆ క్యాన్ ఎక్కడ నింపారో మీరు చూశారా? గుప్‌చుప్ (పానీపూరీ) బండి కొన్నాళ్లు మరచిపోండి, అందులో కాచిన నీళ్లు పోసేవాణ్ణి నేనైతే చూడలేదు.

చేతులు సబ్బుతో రుద్ది కడగండి, హెపటైటిస్ ఎ మీద సానిటైజర్ అంతగా పనిచెయ్యదు. రోగి వాడిన మరుగుదొడ్డి ప్లేటు, మగ్గు పిడి, కుళాయి, గడియ బ్లీచింగ్ నీళ్లతో తుడవండి. రోగిని గదిలో పెట్టి కంచం విసిరేసినట్టు చూడక్కర్లేదు, ఎ వైరస్ ఎక్కువగా బయటికి వచ్చేది కళ్లు పచ్చబడక ముందు రెండు వారాలు, మీరు దూరం పెట్టేసరికి అంటుకోవాల్సింది చాలావరకు అంటుకునే ఉంటుంది. వంట మాత్రం ఒక నెల చెయ్యనివ్వకండి. జబ్బుపడింది ఇల్లాలైతే మూడో రోజుకే పొయ్యి దగ్గరికి తిరిగొచ్చేస్తుంది, ఆవిడ వచ్చేస్తుందని కాదు, మిగతావాళ్లు రప్పించేస్తారు. ఎ అని తేలితే రెండు వారాల్లోపు ఇంట్లో పిల్లలకి టీకా వేయించొచ్చు, డాక్టర్ని అడగండి.

బి, సి అని తేలితే కథ వేరు. అవి కంచంతో, గ్లాసుతో, పక్కన కూర్చుంటే అంటుకోవు. రక్తంతో, సూదితో, గడ్డం బ్లేడుతో, దంపతుల మధ్య, తల్లి నుంచి బిడ్డకి. పెద్దవయసులో బి తగిలినవాళ్లలో నూటికి 95 మంది సొంతంగా వదిలించుకుంటారు. పుట్టేటప్పుడు తగిలిన పిల్లల్లో నూటికి 90 మందిలో అది ఉండిపోతుంది. అందుకే పుట్టిన 24 గంటల్లో టీకా పడాలి. పురుడు ఏ పక్కన పోసుకున్నా డిశ్చార్జి కాగితంలో ఆ డోసు రాసి ఉందో లేదో చూసుకోండి. సి కి ఇప్పుడు చాలామందికి 12 వారాల మాత్రలతో నయమవుతుంది. 2018లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద బి, సి రెండింటికీ పరీక్షలు, మందులు సర్కారు ఆసుపత్రుల్లో ఉచితం.

తగ్గేటప్పుడు మొదట ఆకలి తిరిగొస్తుంది, తర్వాత మూత్రం తేటపడుతుంది, కళ్ల పచ్చదనం అన్నిటికంటే ఆఖరున పోతుంది. కొందరికి దురద నెలన్నర దాకా వేధిస్తుంది, గోళ్లు కత్తిరించి చల్లటి తడిగుడ్డ వెయ్యండి, మరీ ఎక్కువైతే మందుంది. నీరసం రెండు మూడు నెలలు ఉండొచ్చు, ఆ మనిషిని బద్ధకస్తుడనకండి. ఆర్నెల్లు దాటినా పరీక్షలు మామూలుకి రాకపోతే మళ్లీ మొదటి నుంచి వెతకాలి. రిపోర్టులన్నీ తేదీ వరసలో ఒక ఫైలులో పెట్టండి, పాతవి పారెయ్యకండి. బరంపురంలో చేయించింది శ్రీకాకుళంలో చూపించినా డాక్టరు చదువుకుంటారు, కొత్తగా చేయించాల్సింది ఐఎన్‌ఆర్ లాంటి రోజురోజుకీ మారేవి మాత్రమే.